స్టెంట్ పడ్డ మూడో వారంలో అమెరికా ప్రయాణం: వెళ్లాలా, ఆగాలా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 64 ఏళ్లు, రిటైర్డ్ టీచరు. డాలస్‌లో ఉన్న అక్కకు వచ్చే నెలాఖరున కాన్పు. అమ్మా నాన్నా ఇద్దరూ వెళ్లాలని ఏడాదిగా ఎదురుచూశారు. వీసాలు వచ్చాయి, టికెట్లు కొన్నారు, పచ్చళ్లు కూడా పెట్టేశారు. సరిగ్గా ప్రయాణానికి పదిహేడు రోజుల ముందు నాన్నగారికి హార్ట్ ఎటాక్ వచ్చింది. ఒక స్టెంట్ వేసి నాలుగో రోజు ఇంటికి పంపారు. ఇంకో నాళంలో 75 శాతం అడ్డు ఉందని, దాన్ని తర్వాత చూద్దామని అన్నారట. రెండు రోజుల ముందు నుంచే ఛాతీలో బరువుగా ఉందని, ప్రయాణం ఆపేస్తారేమోనని చెప్పలేదని నాన్నగారు ఇప్పుడు అంటున్నారు. "నాకేం కాలేదు, నేను వెళ్తాను" అని ఆయన పట్టు. "ఆయన్ని వదిలి నేను కదలను" అని అమ్మగారి పట్టు. అక్క ఫోన్లో ఒకటే ఏడుపు. నాన్న వెళ్లొచ్చా, వెళ్లకపోతే డబ్బంతా పోయినట్టేనా, అమ్మను ఒక్కదాన్నే పంపొచ్చా అని మీరు అడిగారు.

నేను విజయవాడ సూర్యారావుపేటలో చాలా ఏళ్లుగా ఫిజీషియన్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను. కార్డియాలజిస్టును కాను. కానీ స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చాక మందుల కోసం, బీపీ కోసం, "వెళ్లమంటారా, వద్దంటారా" అని అడగడం కోసం జనం వచ్చేది మాలాంటి వాళ్ల దగ్గరికే. అందుకని సూటిగా చెబుతాను. నాన్నగారు ఆ తేదీన వెళ్లకూడదు. అమ్మగారు ఆ తేదీనే వెళ్లాలి. నాన్నగారి ప్రయాణాన్ని రద్దు చేయొద్దు, తర్వాతి తేదీకి మార్చండి.

కారణం మీరు అనుకుంటున్నది కాదు. విమానంలో గుండెకు ఏమవుతుందోనని మీ భయం. నిజానికి మూసుకుపోయిన నాళాన్ని వెంటనే తెరిచి, గుండె పంపింగ్ బాగుండి, నొప్పీ ఆయాసమూ లేకపోతే రెండు వారాలు దాటాక విమానం ఎక్కొచ్చనే డాక్టర్లే ఎక్కువ. విమానం లోపల గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. అంటే దాదాపు ఊటీలో కూర్చున్నట్టు. కుదుటపడ్డ గుండె దాన్ని తట్టుకుంటుంది.

నేను ఆగమంటున్నది ఆ రెండో నాళం గురించి. డిశ్చార్జి సమ్మరీ చివరి పేజీ తీసి చూడండి. "స్టేజ్డ్ పీటీసీఏ" (అంటే మిగిలిన నాళాన్ని విడిగా, తర్వాత తెరవడం) అనో, "రివ్యూ తర్వాత నిర్ణయం" అనో రాసి ఉండాలి. ఎటాక్ వచ్చిన మనిషికి మరో నాళంలో కూడా గట్టి అడ్డు ఉంటే, దాన్ని మామూలుగా 45 రోజుల్లోపు సరిచేయమని ఇప్పటి గైడ్‌లైన్లు చెబుతున్నాయి. డాక్టరు "తర్వాత చూద్దాం" అంటే ఇంట్లోవాళ్ల చెవికి అది "ఇప్పట్లో అక్కర్లేదు" అని వినిపిస్తుంది. ఆ 45 రోజుల్లో ఎక్కువ భాగాన్ని మీ నాన్నగారు డాలస్‌లో గడపాలనుకుంటున్నారు. అక్కడ నొప్పి వస్తే వైద్యం బాగానే చేస్తారు. కాన్పుకు ఆసుపత్రికి వెళ్లాల్సిన అమ్మాయి, తండ్రిని తీసుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. బిల్లు చూసి అల్లుడి మొహం ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

"ట్రావెల్ ఇన్సూరెన్స్ ముందే తీసుకున్నాం కదా" అంటారేమో. తీసుకున్నప్పుడు ఆయనకు గుండెజబ్బు లేదు, ఇప్పుడుంది. విమానం ఎక్కే నాటికే ఉన్న జబ్బుకు ఈ పాలసీలు చాలావరకు డబ్బివ్వవు, ఇచ్చినా సవాలక్ష షరతులు. డాక్టరు వద్దన్నా ప్రయాణం చేస్తే క్లెయిమ్ చెల్లదన్న వాక్యం కూడా పాలసీ కాగితాల్లో ఉంటుంది. ఎటాక్ సంగతి కంపెనీకి చెప్పకుండా బయలుదేరడం అన్నిటికంటే తెలివితక్కువ పని. అక్కడ మొదటి ఈసీజీ తీయగానే పాత ఎటాక్ ఆనవాలు బయటపడొచ్చు.

మీలాంటి పరిస్థితుల్లో నేను ఇంటివాళ్లతో డాక్టరును అడగమని చెప్పే ప్రశ్న ఒక్కటే: "ఇది గంటల్లో తేలాల్సిందా, రోజుల్లోనా, వారాల్లోనా?" అందరూ "సీరియస్సా కాదా" అని అడుగుతారు. దానికి ఏ డాక్టరూ సరైన జవాబు చెప్పలేడు. గంటలా, రోజులా, వారాలా అంటే మాత్రం చెప్పగలడు. ఆ జవాబును బట్టి ముహూర్తాన్ని ఏం చేయాలో, టికెట్‌ను ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

గంటల లెక్కలో ఉండేవి కొన్నే. ఛాతీలో బరువు, దానితోపాటు చెమటలు, ఎడమ జబ్బకో దవడకో పాకే నొప్పి. మూతి వంకర, మాట తడబాటు, ఒక చేయి పడిపోవడం. ఆగని వాంతులతో పొట్ట గట్టిపడటం. పక్షవాతానికి రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. గుండెపోటులో అయితే క్యాథ్‌ల్యాబ్ (యాంజియో చేసి స్టెంట్ వేసే గది) ఉన్న ఆసుపత్రికి చేరిన 90 నిమిషాల్లోపు నాళం తెరవాలన్నది లెక్క. మాచర్ల నుంచో, అవనిగడ్డ నుంచో వచ్చేవాళ్లకు అది కుదరదు. వాళ్లకు దగ్గర్లోని ఆసుపత్రిలో ముందు గడ్డను కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ చేసి ఆ తర్వాతే గుంటూరుకో బెజవాడకో పంపాలి. ఖరీదైన ఈ ఇంజెక్షన్‌ను మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఈ ఏర్పాట్లన్నీ ఉన్నా ఆలస్యం చేసే మాట ఒకటుంది: "మా అబ్బాయి హైదరాబాద్ నుంచి బయలుదేరాడు, రాగానే సంతకం పెడతాడు." అబ్బాయి సూర్యాపేట దాటేలోపు గుండె కండరం కొంత పోతుంది. ఫోన్లో సరే అనిపించుకుని పక్కనున్నవాళ్లు సంతకం పెట్టేయాలి.

అపెండిక్స్ నొప్పి, పిత్తాశయంలో రాళ్లు అడ్డుపడి జ్వరంతో వచ్చే నొప్పి, డెంగీలో జ్వరం తగ్గాక వచ్చే నీరసం రోజుల లెక్క. "పెళ్లి అయ్యేదాకా యాంటీబయాటిక్స్‌తో నెట్టేద్దాం" అనేది ఇక్కడే వస్తుంది. అపెండిక్స్ విషయంలో ఒకటి రెండు రోజులు కూడా పందెమే. డెంగీలో ప్రమాదం జ్వరం తగ్గిన తర్వాతే మొదలవుతుందని తెలియక, తగ్గింది కదా అని రైలెక్కేవాళ్లను చూస్తుంటాను. హెర్నియా, మోకాలి చిప్ప, నొప్పి లేని రాయి వారాల లెక్క. వీటికి మీ క్యాలెండరే చూసుకోవచ్చు. మీ నాన్నగారి ఎటాక్ గంటల లెక్కలోది, అది దాటింది. ఇప్పుడున్న రెండో నాళం వారాల లెక్కలోది. కంగారు పడొద్దనేదీ, అశ్రద్ధ చేయొద్దనేదీ అందుకే.

ఆయన రెండు రోజులు నొప్పి దాచుకున్నారన్నారు. మా వృత్తిలో ఇది మామూలు. ఎంతగా ఎదురుచూసిన పని అయితే అంతగా దాస్తారు. ఓసారి బెంజి సర్కిల్ దగ్గరి కల్యాణ మండపం నుంచి పెళ్లికూతురి తండ్రిని తీసుకొచ్చారు. పట్టుపంచె, ఒంటిమీద గంధం. ఈసీజీ తీసే సిస్టర్ ఆయన ఛాతీని దూదితో తుడిస్తే పసుపు రంగు దిగుతోంది, గంధం జిగురుకు ఎలక్ట్రోడ్లు అతుక్కోవడం లేదు. ఉత్తరీయం మడతల్లోంచి అక్షింతలు మంచం మీద రాలుతున్నాయి. ఆయన నా చేయి పట్టుకుని, "ముహూర్తం పదకొండున్నర దాటాక ఉందండీ, ఏదో ఒక ఇంజెక్షన్ చేసి పంపండి, సాయంత్రం వచ్చి పడుకుంటా" అంటాడు. ఈసీజీలో గీతలు పైకి లేచి ఉన్నాయి, అంటే గుండెపోటే. పొద్దున్నుంచి మూడుసార్లు సోడా తాగాడట, గ్యాసేమోనని.

మేం పంపలేదు. వాళ్ల పురోహితుడితో ఫోన్లో మాట్లాడించాం. ఆయన చాలా తేలిగ్గా, "కన్యాదానం పినతండ్రి దంపతులు చేయొచ్చు, శాస్త్రానికి ఇబ్బంది లేదు" అన్నాడు. అప్పటిదాకా మా మాట వినని బంధువులంతా ఆ ఒక్క మాటతో మెత్తబడ్డారు. జీలకర్ర బెల్లం వేళకు ఆయన క్యాథ్‌ల్యాబ్‌లోంచి బయటికి వచ్చి సీసీయూలో ఉన్నాడు. తలంబ్రాలు ఎవరిదో ఫోన్లో చూశాడు. సిస్టర్ సౌండ్ తగ్గించమంటే ఒప్పుకోలేదు.

ఆచారాలు మనం అనుకున్నంత బిగుతుగా ఉండవు. వాటిని నడిపించే పెద్దలకు మెళకువలన్నీ తెలుసు. నేరుగా వాళ్లనే అడగాలి. మనం అడక్కుండా "ఏమంటారో" అని ఊహించుకుని మనిషిని మంచం మీద నుంచి లేపుతాం.

డిశ్చార్జి కాకుండానే "మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాం" అని సంతకం పెట్టి వెళ్లిపోయేవాళ్లకు ఒక మాట. ఆ సంతకం పెట్టాక క్యాష్‌లెస్ క్లెయిములో చిక్కులు రావచ్చు, మళ్లీ అదే ఆసుపత్రికి రావడానికి మీకే మొహం చెల్లదు. దానికంటే డాక్టరునే "రెండు గంటలు పెళ్లి చూసి రావడం కుదురుతుందా, ఎవరినైనా తోడు పంపుతారా" అని అడగండి. కుదిరే కేసులు ఉంటాయి. ఒంట్లో కుదుటపడ్డ మనిషిని నర్సునిచ్చి పంపిన సందర్భాలు ఉన్నాయి.

ఇక డబ్బు. ఇద్దరి టికెట్లూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే, ముందుగా ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి దాన్ని రెండుగా విడగొట్టించండి. ఇది చేయకుండా నాన్నగారి టికెట్ కదిపితే అమ్మగారిది కూడా కదిలే ప్రమాదం ఉంది. విమానం బయలుదేరే లోపే తేదీ మార్చాలి లేదా రద్దు చేయాలి. ఏమీ చెప్పకుండా ఎక్కకపోతే "నో షో" కింద పోయేది ఎక్కువ, తిరుగు టికెట్ కూడా రద్దవుతుంది. తేదీ మార్పు ఛార్జీ మాఫీ చేస్తారా లేదా అన్నది ఎయిర్‌లైన్ ఇష్టం, కానీ కాగితం లేకుండా అడిగితే అసలు చేయరు. అందుకని ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకోండి. అందులో జబ్బు పేరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, ఫలానా తేదీ వరకు విమాన ప్రయాణానికి తగరు అన్న వాక్యం, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. "విశ్రాంతి అవసరం" అని మాత్రమే రాసిన ఉత్తరం ఎందుకూ పనికిరాదు. ఇదే ఉత్తరంతో ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ప్రయాణం రద్దు కింద ఏమైనా వస్తుందేమో చూడండి. చాలా పాలసీల్లో ఆసుపత్రిలో చేరడం అందుకు ఒప్పుకునే కారణమే.

హైదరాబాద్ దాకా రైలు టికెట్లు తీసి ఉంటే, కన్ఫర్మ్ అయిన నాన్నగారి బెర్త్‌ను మీ పేరు మీదికి మార్చుకోవచ్చు. తండ్రి నుంచి కొడుక్కి మార్పు రైల్వేలో ఉన్న సదుపాయమే. రైలు బయలుదేరడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ ఆఫీసులో మీ గుర్తింపు కార్డు, ఆయనకు మీరు కొడుకని చూపే కాగితం ఇవ్వాలి. అమ్మగారిని శంషాబాద్‌లో విమానం ఎక్కించేవరకు మీరు తోడుండటానికి ఆ బెర్త్ సరిపోతుంది.

వీసా గురించి మీరు అడగలేదు గానీ, నాన్నగారి మనసులో అదే గుచ్చుకుంటూ ఉండొచ్చు. ఆయనకు పదేళ్ల బీ1/బీ2 (సందర్శకుల) వీసా పాస్‌పోర్టులో ఉంటే ఇప్పుడు వెళ్లకపోయినంత మాత్రాన అది పోదు. అక్కడ ఎన్నాళ్లుండాలో నిర్ణయించేది విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ వాళ్లు, మామూలుగా ఆరు నెలల వరకు ఇస్తారు. లెక్క వేసి చూడండి. అమ్మగారు ఇప్పుడు వెళ్తారు. నాన్నగారు రెండో నాళం పని పూర్తిచేసుకుని, రివ్యూలో డాక్టరు సరేనన్నాక మూడో నెలలో వెళ్తారు. అమ్మగారి ఆరు నెలలు పూర్తయ్యేలోపు ఇద్దరూ కలిసి తిరిగొస్తారు. పుట్టేది ఆడపిల్లయితే అయిదో నెల అన్నప్రాసన కూడా కలిసిరావచ్చు. మగపిల్లాడైతే మీ బావగారు వాళ్లు ముహూర్తం ఎలా చూసుకుంటారో వాళ్లిష్టం.

అమ్మగారు ఒక్కరే వెళ్లలేరన్నది మన భయమే. మన జిల్లాల నుంచి ఇంగ్లీషు రాని తల్లులు ఎంతోమంది ఒంటరిగా వెళ్లొస్తున్నారు. టికెట్‌లో వీల్‌చైర్ సాయం అడిగితే ఒక చోట నుంచి ఇంకో చోటికి వాళ్లే తీసుకెళ్తారు, ఇమిగ్రేషన్ దగ్గర కూడా తోడుంటారు. అక్క అడ్రసు, ఫోన్ నంబరు, తిరుగు టికెట్, ఎందుకు వస్తున్నానో చెప్పే రెండు వాక్యాలు ఒక కాగితం మీద రాసి చేతిసంచిలో పెట్టండి. ఆవిడ అసలు భయం విమానం కాదు. తను లేకపోతే ఆయనకు ఉప్పు లేని కూర ఎవరు వండుతారు, రాత్రిపూట లేస్తే ఎవరు చూస్తారు అని. ఆ రెండింటికీ మీరూ మీ ఆవిడా జవాబు చెప్పండి, ఆవిడ బయలుదేరతారు. డాలస్‌కని పెట్టిన ఆవకాయ జాడీని మాత్రం నాన్నగారికి అందేచోట ఉంచకండి.

అందరూ తేలిగ్గా తీసుకునేది నాన్నగారి మనసు. హార్ట్ ఎటాక్ తర్వాత దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. వచ్చినవాళ్లు మందులు సరిగ్గా వేసుకోరు, నడకకు వెళ్లరు, మళ్లీ ఆసుపత్రి పాలవుతారు. ఆయనకు ఒకేసారి రెండు దెబ్బలు తగిలాయి. ఒకటి ఒంటికి, ఇంకోటి మనవడినో మనవరాలినో మొదటి రోజు ఎత్తుకోవాలన్న ఆశకు. "ముందు ప్రాణం, తర్వాతే ఏదైనా" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అంటారు. నిజమే గానీ ఆ మాట విన్నవాడికి తన బాధ లెక్కలోకి రాలేదనిపిస్తుంది. "వచ్చే వారం చూద్దాంలే నాన్నా" అని నెట్టుకురావడం ఇంకా చెడ్డది, ఆయన టీచరు, పట్టేస్తారు.

ఒక సాయంత్రం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ తేదీకి వెళ్లడం కుదరదు, రెండో నాళం పని ఫలానా వారంలో, ఆ తర్వాత ఎకో (గుండె స్కాన్) బాగుంటే ఫలానా నెలలో కొత్త టికెట్ అని. ఆ నెల పేరు నోటితో చెప్పండి. అక్కను కూడా ఏడుపు ఆపి ఆయనకో పని అప్పగించమనండి. పేరు పెట్టడానికి అక్షరం చూడటం, జాతకం రాయించడం, పురుడు రోజుల్లో ఇంటి నుంచి వీడియోలో చెప్పాల్సిన సంగతులు. రెండు వారాలు దాటినా తిండి సహించక, నిద్ర పట్టక, టీవీ ముందు మొద్దుబారి కూర్చుంటే రివ్యూలో ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. ఆయన చెప్పరు.

మందుల్లో ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి. ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెలో టికాగ్రెలారో ఇచ్చి ఉంటారు. ఎటాక్ వచ్చి స్టెంట్ వేసినవాళ్లకు ఆ రెండూ మామూలుగా ఏడాది పాటు. పన్ను పీకాలని డెంటిస్టు ఆపమన్నా కార్డియాలజిస్టును అడక్కుండా ఆపకూడదు, ఆపితే స్టెంట్ లోపల రక్తం గడ్డకట్టవచ్చు. అమెరికా నుంచి వచ్చాక మోకాళ్ల ఆపరేషన్ అనుకున్నారని మీ ప్రశ్న చివర్లో రాశారు. దాన్ని కూడా ఏడాది తర్వాతకు మార్చుకోండి. వెళ్లేటప్పుడు మూడు నెలల మందులు, ప్రిస్క్రిప్షన్, స్టెంట్ కార్డు, యాంజియో సీడీ చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకండి. ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర చొక్కా జేబులో ఉండాలి. విమానంలో గంటకోసారి లేచి నడవాలి.

ఇది చదివే మిగతావాళ్లకు: లాప్రోస్కోపీ ఆపరేషన్ తర్వాత అయిదారు రోజులకు విమానం ఎక్కొచ్చు, బైపాస్ అయితే కనీసం పది రోజులు ఆగాలి. శుక్లం ఆపరేషన్‌కు పెద్దగా ఆంక్షలుండవు. కానీ రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ పెట్టి ఉంటే అది పూర్తిగా కరిగేదాకా, అంటే కొన్ని వారాలపాటు, విమానం ఎక్కకూడదు. పైకి వెళ్లేకొద్దీ గ్యాస్ వ్యాకోచించి కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు. శ్రీశైలం, తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేముందు కూడా కంటి డాక్టరును అడగాల్సిందే.

మీరు రివ్యూకు వెళ్లినప్పుడు మూడు సంగతులు రాయించుకురండి: ఎకోలో పంపింగ్ శాతం ఎంత, రెండో నాళానికి స్టెంట్ ఏ తేదీన, అది అయ్యాక ఎన్నాళ్లకు పదిహేను గంటల పైబడి ప్రయాణం చేయొచ్చు. అవి ఇక్కడ రాస్తే టికెట్ ఏ వారానికి మార్చుకోవాలో చెబుతాను. అప్పటిదాకా కొత్త తేదీకి డబ్బు కట్టకండి, ఓపెన్‌గా ఉంచమని ఎయిర్‌లైన్‌ను అడగండి.